ముందు ఒక్క ఇంటి లెక్క చేత్తో వెయ్యి

అమ్మలూ,

మెసేజ్ చూశాను. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు పెంచితే ఏ ఇంటికి ఎంత చేరుతుందో, అందులో జీఎస్టీ కింద ఎంత వెనక్కి పోతుందో నీ థీసిస్‌కి కంప్యూటర్‌లో మోడల్ కడతానన్నావు, కట్టు. ఘనా, టాంజానియా, జాంబియాలకి సౌత్‌మాడ్ అని ఇలాంటివి ఉన్నాయి, వాటి రిపోర్టులు చదువు. ఏ రూలు లెక్కలోకి తీసుకోలేదో రాసిన పేజీలు ముందు చదువు.

ల్యాప్‌టాప్ తీసే ముందు మాత్రం పర్లాకిమిడి వచ్చి మా ఎదురింటి లెక్క కాగితం మీద వెయ్యి. అత్తగారికి 66, కోడలికి 29. సుభద్రకి వయసు 21 నుంచి 60 అంటున్నారు కాబట్టి కోడలికి ఏడాదికి 10,000 అని నీ మోడల్ ఠక్కున వేసేస్తుంది. ఆ పిల్లది ఆంధ్రాలోని పాతపట్నం, పెళ్లయి మూడేళ్లయినా ఆధార్‌లో అడ్రసూ రేషన్ కార్డులో పేరూ అక్కడే ఉన్నాయి, అప్లై చెయ్యడానికే వెళ్లలేదు. రూలు ప్రకారం రావాల్సింది ఒక కాలమ్, చేతికొచ్చింది ఇంకో కాలమ్. రెండూ కలిపేశావంటే నీ థీసిస్ నేను చదవను.

ఇంకోటి, ఇల్లంటే ఏది? సర్వేలో ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక ఇల్లు, రేషన్ కార్డుకి ఆ పట్టింపు లేదు. సర్వేకి తిరిగిన రోజుల్లో ఒకచోట అన్నదమ్ములిద్దర్నీ ఒకే ఇల్లుగా రాసేసి, తీరా పెరట్లో రెండో పొయ్యి పొగ చూసి, ఫారం చింపి మళ్లీ మొదట్నుంచి రాశాను. మనిషికి 5 కిలోల కార్డయితే తలలు లెక్కపెడితే సరిపోతుంది గానీ, బాగా పేదవాళ్లకిచ్చే అంత్యోదయలో కార్డుకి 35 కిలోలు కదా, అక్కడ ఇల్లు తప్పితే బియ్యం లెక్కే తప్పుతుంది.

నువ్వు వాడతానన్న 2022-23 వినియోగ వ్యయ సర్వేలో 2,61,746 ఇళ్లున్నాయి, కానీ వాళ్లు అడిగింది ఖర్చు, ఆదాయం కాదు. రేషన్ కార్డు లేనివాళ్లకి సుభద్రలో 2.5 లక్షల ఆదాయం హద్దు ఉంది, దాన్ని ఖర్చుతో చూశావంటే అప్పు చేసి కూతురి పెళ్లి చేసినవాడు నీకు షావుకారులా కనిపిస్తాడు. ఉచిత బియ్యం విలువ ఖర్చులో కలిసిందో లేదో కూడా చూసుకో, లేకపోతే రెండుసార్లు కలుపుతావు. సర్వేలో ఒక్కో ఇల్లు బయట ఎన్ని ఇళ్లకి లెక్కో చెప్పే వెయిట్లు మర్చిపోకు.

జీఎస్టీ దగ్గర సంతని గుర్తుపెట్టుకో. విడిగా తూచిన కందిపప్పుకి పన్ను లేదు, లేబుల్ ప్యాకెట్‌కి 5 శాతం. ఒంటిసబ్బు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 కాదు, 5.

దసరాకి వస్తావుగా. ఎదురింటి కోడలు కార్డు చూపిస్తానంది, నువ్వు మాత్రం ఉత్తచేతులతో రాకు, పిల్లాడికి ఏదైనా తీసుకురా.

మావయ్య