ఇన్నాళ్లకి పేరు అడిగితే ఏమనుకుంటారో!

ప్రశ్న: మా పక్క ఫ్లాట్‌లోకి కొత్త కుటుంబం వచ్చి ఐదు నెలలైంది. వాళ్లు సామాను దించుకుంటున్న రోజు నేను ఆఫీసు హడావిడిలో ఉన్నాను. తర్వాత పలకరిద్దాంలే అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. ఇప్పుడు లిఫ్ట్‌లో ఎదురైతే ఇద్దరం ఫోన్లు చూసుకుంటాం. ఆవిడ పేరు కూడా తెలియదు. ఇప్పుడు అడగాలంటే టెన్షన్. మావారేమో ‘ఎవరి గోల వాళ్లది, మనకెందుకు’ అంటారు. మొన్న ఆవిడ చంకలో పాపతో, చేతిలో సంచులతో తాళం తీయలేక అవస్థ పడుతుంటే చూసి కూడా లోపలికి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనెందుకిలా అయ్యాను?

జవాబు: మనుషులంటే పట్టనివారైతే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవారు. మీది మొహమాటం. కాకపోతే గోడకి అవతలున్నవాళ్లకి మొహమాటం, నిర్లక్ష్యం ఒకేలా కనిపిస్తాయి. మేమొచ్చింది పక్కింటివాళ్లకి నచ్చలేదేమోనని ఆవిడా అనుకుంటూ ఉండొచ్చు.

2018లో ఎరికా బూత్‌బీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇలాంటి భయాన్నే పరిశీలించారు. ముక్కూమొహం తెలియనివాళ్లు కాసేపు మాట్లాడుకున్నాక, ఎదుటివారికి తాము నిజంగా నచ్చినదానికన్నా తక్కువే నచ్చామని అనుకున్నారట. ఒకే చోట కలిసి ఉంటున్న విద్యార్థుల్లో కూడా ఈ తప్పు అంచనా నెలల తరబడి పోలేదు. కాబట్టి ‘ఏమనుకుంటారో’ అని మీ మనసు వేసే లెక్కని పూర్తిగా నమ్మకండి.

ఆలస్యాన్ని దాచడానికి ప్రయత్నించొద్దు. ‘ఐదు నెలలైంది, ఇంతవరకూ మీ పేరు కూడా అడగలేదు, ఏమనుకోకండి’ అని నవ్వుతూ మీ పేరు చెప్పండి. చాలావరకు ‘అయ్యో, నేనూ అడగలేదు కదా’ అనే జవాబే వస్తుంది. ఆఫీసు పని, ఇంటి పని అంటూ సంజాయిషీలు మొదలుపెడితే మాత్రం రెండు నిమిషాల పలకరింపు బరువైపోతుంది. తాళం సంగతి కూడా ఎత్తకండి. ఆవిడ గమనించిందో లేదో తెలియదు, మీ మనసు తేలిక కావడానికి ఆవిడని ఇబ్బంది పెట్టడం దేనికి? ఈసారి అలా కనిపిస్తే ఒక సంచి అందుకోండి, చాలు.

సొంత ఇల్లా అద్దెకా, ఆయనేం చేస్తారు లాంటి ఆరాలు మొదటిరోజే వద్దు. పాప పేరు అడగండి. కొత్తగా వచ్చినవాళ్లకైతే లిఫ్ట్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో, నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయో చెబితే ఎంతో మేలు. ఐదు నెలల్లో అవన్నీ ఆవిడకి తెలిసే ఉంటాయి. అందుకని మీరే ఏదైనా చిన్న సాయం అడగండి. నాలుగు రోజులు ఊళ్లో లేకపోతే గుమ్మం ముందున్న మొక్కకి నీళ్లు పోయమనడం లాంటిది. అడిగించుకున్న మనిషి రేపు తనకి అవసరమైతే మొహమాటపడకుండా మీ తలుపు తడుతుంది.

మీవారి మాటనీ కొట్టిపారేయను. పక్కింటితో మరీ రాసుకుపూసుకు తిరిగితే తలనొప్పులూ వస్తాయి. అయితే ఏదో ఒకరోజు గోడలోంచి నీళ్లు కారుతాయి, లేదా అర్ధరాత్రి టీవీ మోగుతుంది. మొట్టమొదటి మాటే ఫిర్యాదైతే అది గొడవగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఆయనకి ఈ ముక్క చెప్పి చూడండి.

ప్రాణస్నేహం కుదరాలని ఏమీ లేదు. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడి లెక్కలో పరిచయం మామూలు స్నేహంగా మారడానికే సుమారు 50 గంటలు కలిసి గడపాలి. రోజుకి రెండు నిమిషాల లిఫ్ట్ కబుర్లతో అయితే నాలుగేళ్లు పైనే! మీకు ఇప్పుడు కావలసింది పేరు తెలిసిన పక్కిల్లు, అంతే. అది రేపు పొద్దున లిఫ్ట్‌లోనే అయిపోతుంది. ఎక్కేముందు ఫోన్ మాత్రం బ్యాగులో పెట్టేయండి.