రాయల హంపీ మీద నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నాలుగు అధ్యాయాలూ చదివాను. వాక్యం నీకు బాగానే లొంగింది. మూడో అధ్యాయంలో రాళ్లు కొట్టేవాడికి భార్య సంగటి తెచ్చి, అతను తినేదాకా ఎండలో నిలబడుతుంది. ఆ పక్క వాక్యంలోనే నువ్వు ఆమెను వదిలేసి రాయలవారి ఏనుగు వెంట వెళ్లిపోయావు. ఆమెకు పేరైనా పెట్టలేదు. ఈ ఉత్తరం రాయించింది ఆ కోపమే.

ఫలానా ప్రభువు ఫలానా గుడి కట్టించాడని చెప్పడానికి శాసనాలున్నాయి. పట్టాభిషేకం గుర్తుగా విరూపాక్షాలయంలో రంగమంటపం కట్టించానని 1510లోనే రాయలు రాతి మీద చెక్కించుకున్నాడు. ఉదయగిరి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడికి 1515లో గుడి కట్టి ప్రతిష్ఠ చేయించిన సంగతీ శాసనంలో ఉంది. అదే మాట మళ్లీ చెప్పడానికి నవల ఎందుకు? హంపీలో బండల మీద వరుసగా తొలిచిన చిన్న చిన్న గుంతలు చూశావా? వాటిలో చీలలు దిగ్గొట్టి బండను చీల్చేవారు. కొన్ని బండల మీద గుంతలున్నాయి గానీ బండ చీలలేదు. ఆ పని ఎందుకు ఆగిపోయింది? ఉలి పట్టినవాడు ఏమయ్యాడు? నీ కథ అక్కడుంది.

నా తొలి నవలలో ఇలాంటి అధ్యాయమే ఒకటి రాశాను. పాఠకులకు అంతఃపురం కావాలని ఒక వారపత్రిక ఎడిటర్ దాన్ని మొత్తం కొట్టేసి, ఆ చోట రాణిగారి జలక్రీడ రాయమన్నాడు. రాయలేదు. సీరియల్ మధ్యలో ఆగిపోయింది. ఆ నెల ఇంటి అద్దెకు అప్పు చేశాను. ఇప్పటికీ చారిత్రక నవల అంటే వీధుల్లో రత్నాల రాశులే. నువ్వూ రెండుసార్లు పోశావు. తీసెయ్.

పోర్చుగీసు యాత్రికుడు పేస్ 1520 ప్రాంతంలో హంపీకి వచ్చాడు. నువ్వు అతని నుంచి నగల వర్ణన మాత్రమే తీసుకున్నావు. రాయలు తవ్విస్తున్న చెరువు దగ్గర పదిహేను ఇరవై వేల మంది చీమల్లా, కింద నేల కనిపించనంతగా పనిచేస్తుండటం చూశానని కూడా అతను రాశాడు. ఆ చెరువు రెండు మూడుసార్లు తెగితే, బ్రాహ్మణుల మాట మీద రాజు అరవై మంది మనుషుల తలలు, కొన్ని గుర్రాల, దున్నల తలలు నరికించాడనీ రాశాడు. నాకూ రాయలంటే గౌరవమే. అయినా ఆ అరవై మందిని దాటేసి ఆయన కట్టడాల గురించి రాస్తే అది స్తోత్రపాఠం అవుతుంది.

మరొకటి. హజారరామాలయాన్ని రాయలు దగ్గరుండి కట్టించినట్టు రాశావు. అది ఆయన పట్టానికి రాకముందు, పదిహేనో శతాబ్దంలో కట్టిన గుడి. ఆ దృశ్యాన్ని విఠలాలయానికి మార్చు. అక్కడి నూరుకాళ్ల మంటపం 1516లో రాయలు కట్టించిందే.

పోటీల గురించి, ప్రచురణకర్తల గురించి అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మూడో అధ్యాయం ఆ సంగటి తెచ్చిన మనిషి వైపు నుంచి మళ్లీ రాసి పంపు. ఏనుగు రాకపోయినా ఫరవాలేదు.