తిండి దగ్గరికొస్తోంది, తినట్లేదు: మీ గినీ పిగ్ గురించి

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇదీ: "పాప పుట్టినరోజుకు రెండు గినీ పిగ్‌లు కొన్నాం. వాటిలో ఒకటి గత రెండు రోజులుగా మూలకు కూర్చుంటోంది. గిన్నె పెడితే దగ్గరికొస్తుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది. ఇక్కడి డాక్టరుగారు ఆవులు, మేకలే చూస్తారు. జబ్బు చేసిందో లేదో మేమెలా తెలుసుకోవాలి?"

జబ్బు చేసిందండీ. అందులో అనుమానం పెట్టుకోకండి. గినీ పిగ్ రోజంతా ఏదో ఒకటి కొరుకుతూ ఉండే జీవి. దాని పేగులు ఆగకుండా కదలాలంటే లోపలికి పీచు వెళ్తూనే ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే కంగారు పడాలి, ఇరవై నాలుగు గంటలైతే ప్రాణం మీదకొచ్చినట్టే. మీరు రెండు రోజులంటున్నారు. కాబట్టి నా కథ తర్వాత చదువుదురుగాని, ముందు ఈ పనులు చేయండి.

రెండిటినీ విడదీయండి. ఒకే గిన్నెలో పెడితే ఏది ఎంత తిన్నదో, ఏ పెంటికలు ఎవరివో తెలియదు. మధ్యలో జల్లెడలాంటి అడ్డు పెడితే చాలు, ఒకదానికొకటి కనిపిస్తూ ఉండాలి. లేకపోతే బాగున్నది కూడా బెంగ పెట్టుకుంటుంది. తర్వాత పొట్ట మెల్లగా తడిమి చూడండి. డోలులా బిగిసి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మెత్తగా ఉంటే పెల్లెట్లు (అంగట్లో అమ్మే గుళికల మేత) గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పల్చటి జావలా చేయండి. పెల్లెట్లు లేకపోతే గరికను మిక్సీలో వేయండి. సూది తీసేసిన చిన్న సిరంజితో పెదవి పక్క నుంచి, ముందు పళ్ల వెనకున్న ఖాళీలోకి కొంచెం కొంచెంగా పట్టండి. అది మింగాక మరికొంచెం. ఎదురుగా, గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కో విడతకు ఐదు నుంచి పది మిల్లీలీటర్లు, రెండు మూడు గంటలకోసారి, డాక్టరుకు చూపించేదాకా.

ఇంకొక్క మాట. అది ఆడదైతే, పొట్ట కింద రెండు వైపులా బరువుగా ఉంటే చూలుతో ఉందేమో చూడండి. అంగట్లో "రెండూ ఆడవే" అని ఇచ్చినవాటిలో ఒకటి మగది కావడం మామూలే. చూలు 59 నుంచి 72 రోజులు ఉంటుంది. చూలుతో ఉన్నది తిండి మానేస్తే ఇంట్లో ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఇక మీ ప్రశ్నలో నాకు తట్టింది "దగ్గరికొస్తుంది, వదిలేస్తుంది" అన్న మాట. ఆకలే చచ్చిపోతే గిన్నె వైపు తల కూడా తిప్పదు. వచ్చి, నోట్లో పెట్టుకుని, వదిలేస్తోందంటే ఆకలి ఉంది, నమలడం కుదరట్లేదు. నాకు మొదట అనుమానం వచ్చేది పళ్ల మీద.

మాది రాయగడ. కిరాణా కొట్టు. ఆరేళ్లుగా ఇంట్లో గినీ పిగ్‌లు ఉన్నాయి. ప్రతి ఆదివారం కొట్టు తెరవగానే వాటిని ఒక ప్లాస్టిక్ డబ్బాలో కూర్చోబెట్టి కాటా మీద పెడతాను. పప్పు కోసం వచ్చినవాళ్లు "ఇదేటండీ, కిలో ఎంత?" అని నవ్వుతారు. నవ్వనీయండి. ఈ జంతువుల జబ్బు కంటికి కనిపించే ముందే కాటాకు కనిపిస్తుంది. అడవిలో వీటిని తినే జీవాలు ఎక్కువ, నీరసంగా కనిపించిందే ముందు నోట పడుతుంది. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా బాగున్నట్టే తిరుగుతాయి. ఇక చేతకాక మూల కూర్చునేసరికి జబ్బు చాలా దూరం వెళ్లి ఉంటుంది.

మా గినీ పిగ్ గుండు విషయంలో నేనూ పప్పులో కాలేశాను. ఒక ఆదివారం 880 గ్రాములు ఉంది. మరుసటి వారం 862. కాటా మీద కదిలిందేమోలే అనుకున్నాను. మూడో వారం 815. అప్పటికీ అది అరుస్తోంది, ఫ్రిజ్ తలుపు చప్పుడైతే పరుగెత్తుకొస్తోంది. క్యారెట్ ముక్క ఇస్తే తీసుకుని, తల ఒక పక్కకు వంచి, దవడను విచిత్రంగా తిప్పి, కింద పెట్టేసింది. పళ్లెంలో ముక్క తడిగా మిగిలింది, పంటి గాటు కూడా సరిగ్గా లేదు. గడ్డం కింద వేలు పెడితే జుట్టు జిగటగా అంటుకుంది. లాలాజలం కారుతోందన్నమాట. మీదానికి కూడా ఇప్పుడే గడ్డం కింద తడిమి చూడండి.

కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, మీద గుడ్డ కట్టి విశాఖ రైలెక్కాను. పార్వతీపురం వచ్చేసరికి బోగీలో సగం మందికి బుట్టలో ఏముందో తెలిసిపోయింది. బొబ్బిలిలో ఒకావిడ గరిక తెచ్చి ఇచ్చింది, అది తినదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. విశాఖలో డాక్టరుగారు చెవిలో చూసే దీపం లాంటిదాన్ని నోట్లో పెట్టి నన్నూ చూడమన్నారు. ముందు పళ్లు చక్కగానే ఉన్నాయి. లోపల కింది దవడ పళ్లు రెండు వైపుల నుంచీ లోపలికి వంగి, నాలుక మీద వంతెనలా పెరిగిపోయాయి. నాలుక కదలదు, ఇక నమిలేదెక్కడ? వీటి పళ్లు ముందువీ వెనకవీ కూడా బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలినప్పుడు అరుగుతాయి. నేను గింజలు, పెల్లెట్లు, క్యారెట్లు పెట్టి ముద్దు చేశాను, గడ్డి మాత్రం పిడికెడు వేసేవాణ్ణి. మత్తిచ్చి పళ్లు అరగదీశారు. నాలుగో రోజుకు సొంతంగా గరిక నమిలింది.

కాబట్టి ముందు పళ్లు చూసి "బాగానే ఉన్నాయి" అనుకోకండి. వెనక పళ్లు మనకు కనిపించవు. ఇంట్లో గోళ్ల కత్తెరతో పళ్లు కత్తిరించే పని అసలు పెట్టుకోకండి, పన్ను నిలువునా చీలిపోతుంది.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు చెప్తాను. గుండు కంటే ముందు ఒకటి ఉండేది, చిట్టి. వానాకాలంలో తుమ్ములు పట్టుకున్నాయి, ముక్కు చుట్టూ తడి. మా అబ్బాయికి జ్వరం వచ్చినప్పటి అమాక్సిసిలిన్ సిరప్ సీసాలో కాస్త మిగిలి ఉంది. పిల్లలదే కదా, చిన్న జీవానికి రెండు చుక్కలు ఏం చేస్తాయిలే అని పోశాను. రెండు రోజులు పోశాను. మూడో రోజు విరేచనాలు, నాలుగో రోజు పొద్దున్న చల్లగా ఉంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాటి చోట విషం పుట్టించే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. తుమ్ములతో బతికేదో లేదో గాని, నా సిరప్‌తో మాత్రం చచ్చిపోయింది. మా అబ్బాయికి ఇప్పటికీ ఆ సంగతి చెప్పలేదు.

తుమ్ము ఒకటి రెండు వస్తే దుమ్మేమో అనుకోవచ్చు. రంపపు పొట్టు పరిచిన గూడైతే మరీను. ముక్కు నుంచి కారుతున్నా, ఊపిరి తీసినప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, టిక్కుటిక్కుమని చప్పుడొస్తున్నా అది న్యుమోనియా దారి. ఇంట్లో కుక్క గానీ కుందేలు గానీ ఉంటే దూరంగా ఉంచండి. వాటికి ఏమీ చేయని ఒక బ్యాక్టీరియా వీటి ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. అన్నట్టు, కంటి నుంచి పాల లాంటి తెల్లటి చుక్క వచ్చి, దాంతో మొహం కడుక్కుంటే భయపడకండి. అది వాటి అలవాటు, చీము కాదు. కన్ను సగం మూసి ఉన్నా, పుసి కట్టినా జబ్బే.

మూలకు కూర్చోవడానికి ఇంకో కారణం సి విటమిన్. మనలాగే గినీ పిగ్ ఒంట్లో కూడా అది తయారు కాదు, తిండిలోనే రావాలి. రెండు మూడు వారాలు సరిగ్గా అందకపోతే కీళ్లు వాచి కదలడానికి ఏడుస్తుంది, జుట్టు గరుకెక్కుతుంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. గుండుకు జోడీగా తెచ్చినది ఇలాగే ముసలమ్మలా కుంటుతుంటే, పిల్లలు కింద పడేశారనుకుని ఇంట్లో అందరినీ తిట్టాను. చూస్తే తప్పు పెల్లెట్లది. విడిగా కవర్లో పోసి ఇచ్చిన సరుకు, తయారీ తేదీ లేదు. తయారై మూడు నెలలు దాటితే అందులో సి విటమిన్ చాలావరకు పోతుంది. కొట్టులో బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా తేదీ చూసేవాణ్ణి, దీని విషయంలో చూడలేదు. ఉసిరికాయ పెడితే మొహం చిట్లించింది. క్యాప్సికం, జామకాయ, కొత్తిమీర మాత్రం రోజూ తింది, పదిరోజుల్లో నడక మారింది. చుక్కల మందు నీళ్ల సీసాలో కలపమంటారు కొందరు. వెలుతురుకు అది త్వరగా చెడిపోతుంది, పైగా రుచి మారిందని నీళ్లే మానేస్తాయి. దానికంటే క్యాప్సికం ముక్క నయం.

పొద్దున్నే గూడు ఊడ్చేటప్పుడు పెంటికలు చూడడం అలవాటు చేసుకోండి. బాగున్నప్పుడు అన్నీ ఒకే సైజు, మందు గుళికల్లా నున్నగా ఉంటాయి. చిన్నవైపోయినా, ఒక కొస సన్నబడినా, జుట్టుతో దండలా గుచ్చుకొచ్చినా, తగ్గిపోయినా తిండి సరిగ్గా పోవట్లేదని లెక్క. ఉచ్చలో రక్తం కనిపించినా, పోసేటప్పుడు వీపు వంచి కీచుమని అరిచినా రాళ్లు ఉండొచ్చు. పాలకూర రోజూ పెట్టకండి.

విపరీతంగా గోక్కుని, జుట్టు రాలి, ముట్టుకుంటే ఎగిరిపడి గిలగిల్లాడితే చాలామంది మూర్ఛ అనుకుంటారు. చాలాసార్లు అది గజ్జి పురుగు. దీనికి వాడే ఐవర్‌మెక్టిన్ మీ పశువుల డాక్టరుగారి బీరువాలోనే ఉంటుంది, ఆవులకు వాడేదే. మోతాదు మాత్రం దాని బరువు గ్రాముల్లో చూసి లెక్కేస్తారు. అందుకే కాటా కావాలి.

మన వైపు ప్రాణి చికిత్సాలయంలో "ఎలకలకు మందేంటి" అని నవ్వుతారని వెళ్లడం మానేయకండి. నవ్వినా చూస్తారు. ఒక కాగితం మీద ఈ రోజు బరువు, పోయిన వారం బరువు, ఎప్పటి నుంచి తినట్లేదు, పెంటికలు ఎలా ఉన్నాయి అని రాసి ఇవ్వండి. కింద "నోటి ద్వారా పెన్సిలిన్ జాతి మందు వద్దు" అని రాయండి. డాక్టరుకే చెప్పాలా అని మొహమాటపడకండి. ఆవుల మీద పనిచేసే మనిషికి ఈ ఒక్క జంతువు తేడా గుర్తు చేస్తే ఏమీ అనుకోరు, నేను చెప్పినప్పుడైతే థ్యాంక్స్ చెప్పారు. పళ్ల పనైతే మాత్రం విశాఖ లాంటి చోటుకు వెళ్లక తప్పదు. గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఎండాకాలం సంగతి ఒక్క ముక్క. ముప్పై డిగ్రీలు దాటితే ఇవి తట్టుకోలేవు, మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. బారుగా పడుకుని, నోరు తడిసి, వేగంగా ఊపిరి తీస్తుంటే వడదెబ్బ. చల్లటి నీళ్లతో చెవులు, పాదాలు తడపండి, ఐస్ నీళ్లలో ముంచకండి. కరెంటు పోయినప్పుడు నేను ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి గూట్లో పెడతాను. ఆనుకుని పడుకుంటాయి.

మీ పాప తర్వాత హ్యామ్‌స్టర్ (ఎలుక లాంటి మరో పెంపుడు జీవి) అడిగితే దాని లక్షణాలు వేరు. పిల్ల హ్యామ్‌స్టర్ తోక చుట్టూ తడిగా, వాసనగా ఉంటే అది విరేచనాల జబ్బు, రెండు రోజుల్లో తీసుకుపోతుంది. సెమిలిగూడలో మా తోడల్లుడి ఇంట్లో జనవరి చలికి హ్యామ్‌స్టర్ కర్రలా బిగిసిపోతే పెరట్లో గొయ్యి కూడా తీశారు. వాళ్లమ్మాయి ఏడుస్తూ దాన్ని గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంటే గంటకు మీసం కదిలింది. చలికి అవి అలా మొద్దునిద్రలోకి పోతాయి. తెల్ల ఎలుక కంటి చుట్టూ ఎర్రగా ఉంటే అది రక్తం కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే రంగు. కానీ నలతగా ఉన్నప్పుడే అది ఎక్కువగా కారుతుంది, కాబట్టి వదిలేయకూడదు.

సరే, మీదాని సంగతి. గడ్డం కింద తడి ఉందా, పొట్ట మెత్తగా ఉందా, ఇప్పుడు బరువెంత, ఈ మూడూ కింద రాయండి. ఇంట్లో కాటా లేకపోతే దగ్గర్లో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా తూచి ఇస్తారు. నేను రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేస్తాను, కట్టగానే చూస్తాను. ఈలోపు జావ పట్టడం ఆపకండి.