ఉరిశిక్ష అప్పీలు చేతికొచ్చిన జూనియర్‌కు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

లీగల్ ఎయిడ్ వాళ్లు నీకు ఉరిశిక్ష కేసు అప్పగించారనీ, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ చంపినట్టు అభియోగమనీ ఫోన్లో చెప్పావు. ఫొటోలు చూశాక రెండు రోజులు అన్నం సయించలేదన్నావు. ఆ బాధ దాచుకోకు తల్లీ. చనిపోయినవాళ్లను తేలిక చేసే మాట ఒక్కటి కూడా నీ వాదనలో రాకూడదు. బెంచి మీద కూర్చునే ఇద్దరూ ఆ ఫొటోలు చూసే వస్తారు.

ముందు గడువు చూసుకో. హైకోర్టులో అప్పీలుకు 30 రోజులే. శిక్ష ఖరారు కోసం సెషన్స్ కోర్టు తనంతట తానే ఫైలు పంపుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 366, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడు సెక్షన్ 407. మన దగ్గర దాన్ని రిఫర్డ్ ట్రయల్ అంటాం. ఎలాగూ వెళ్తుంది కదా అని అప్పీలు మానేయకు. ఈ ఖరారు విచారణలో హైకోర్టు సాక్ష్యం మొత్తం మళ్లీ తూచాలి, కావాలంటే అదనపు సాక్ష్యం కూడా తీసుకోవచ్చు.

తీర్పు చదవకముందే డిపోజిషన్లు, అంటే కోర్టులో సాక్షులు చెప్పిన వాంగ్మూలాలు, చదువు. తీర్పు ముందు చదివితే సాక్షులంతా ఆ జడ్జిగారు చూసినట్టే కనిపిస్తారు. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటు దగ్గరికి ఎన్ని గంటలకు చేరిందో, దాని మీద ఆయన చేత్తో రాసిన టైము చూడు. వీఆర్వో దగ్గరికెళ్లి నేరం ఒప్పుకున్నాడని రాసి ఉంటే, ముక్కూమొహం తెలియని వీఆర్వో దగ్గరికే ఎందుకెళ్లాడో ఆలోచించు. నాలుగు గోడల మధ్య జరిగింది ఇంట్లో ఉన్నవాడే చెప్పాలని ప్రాసిక్యూషన్ అంటుంది. ఆ రాత్రి అతను ఇంట్లోనే ఉన్నాడని ముందు వాళ్లు రుజువు చేయాలి. బతికిన పిల్లాడు సాక్షి అయితే, స్టేట్‌మెంట్‌కు ముందు ఎన్నాళ్లు ఎవరింట్లో ఉన్నాడో చూడు. ఆ పసివాణ్ని మాత్రం అబద్ధాలకోరు అనకు.

ఇక శిక్ష సంగతి. ఇక్కడే మనవాళ్లు చేతులెత్తేస్తారు. నేరంతో పాటు నేరస్థుణ్నీ చూడాలని 1980లో సుప్రీంకోర్టు బచన్ సింగ్ తీర్పులో చెప్పింది. అయినా రాజస్థాన్‌కు చెందిన రావ్‌జీ కేసులో, గర్భవతి అయిన భార్యనీ ముగ్గురు పిల్లల్నీ చంపినవాడి విషయంలో, సుప్రీంకోర్టు నేరాన్నే చూస్తామంది. 1996లో అతన్ని ఉరితీశారు. 2009లో బరియార్ కేసులో అదే కోర్టు, రావ్‌జీ తీర్పు బచన్ సింగ్‌కు విరుద్ధమని చెప్పింది. మనిషి పోయి అప్పటికి 13 ఏళ్లు. ఈ ఒక్క సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదు.

నా మొదటి ఉరి కేసులో ట్రయల్ కోర్టు రికార్డులో ముద్దాయి గురించి ఉన్నది ఒకటే వాక్యం: ముసలి తల్లి ఉంది, దయ చూపండి. నేను ఆ ఊరెళ్లాను. తల్లి గోడకున్న మేకు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. రేషన్ కార్డు, స్కూలు టీసీ, వాటి అడుగున మడతలు పడి చిరిగిన మందుల చీటీలు. హత్యలకు ఏడాది ముందు మెంటల్ హాస్పిటల్లో రాసినవి. ఇవి ఎవరికీ చూపించలేదా అంటే, "ఎవరూ అడగలేదు బాబూ" అంది. ఆ చీటీలే హైకోర్టులో ఉరిని యావజ్జీవంగా మార్చాయి.

కాబట్టి పుట్టుక నుంచి వెతుకు. వయసు కూడా. పుణెలో 1994లో ఒకే ఇంట్లో ఏడుగురి హత్య కేసులో ఉరిశిక్ష పడ్డవాడికి నేరం నాటికి 12 ఏళ్లేనని స్కూలు రికార్డుతో తేలింది. సుప్రీంకోర్టు 2023లో వదిలిపెట్టింది, అప్పటికి 28 ఏళ్లు జైల్లోనే గడిచాయి. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఈడిగ అనమ్మ కేసు, 1974, తప్పక చదువు. చంపింది ఒక స్త్రీనీ పసిబిడ్డనూ. అయినా ఆమె వయసూ, తనకూ చిన్న కొడుకు ఉండటమూ చూసి యావజ్జీవానికి తగ్గించారు.

జైలు ప్రవర్తన నివేదిక, మానసిక స్థితి నివేదిక తెప్పించాలని 2022 మనోజ్ తీర్పు చెప్పింది. ట్రయల్లో తెప్పించలేదు కాబట్టి మొదటి వాయిదాకే పిటిషన్ వేయి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు, ఎందుకు చంపావని మొదటిరోజే అడగకు. తిండి తింటున్నాడా, నిద్ర పడుతోందా, ఎవరైనా చూడ్డానికి వస్తున్నారా అడుగు. ఒంటరి గదిలో పెట్టారేమో కనుక్కో. శిక్ష ఖాయం కాకుండా అలా పెట్టకూడదని సునీల్ బాత్రా తీర్పు 1978 నుంచీ ఉంది.

హైకోర్టులో కాకపోతే సుప్రీంకోర్టు, రివ్యూ, క్షమాభిక్ష ఉన్నాయి. వాటి గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ ఆదివారం బస్సెక్కి అతని ఊరెళ్లు. తల్లి ఉంటే తల్లి దగ్గర, లేకపోతే అక్కచెల్లెళ్ల దగ్గర కూర్చో. చనిపోయిన అమ్మాయి పుట్టింటివాళ్లు ఎదురైతే తల వంచి నమస్కారం పెట్టు, వాళ్లతో వాదించకు. ఏ కాగితం దొరికినా ఫొటో తీసి నాకు పంపు, ఎంత రాత్రయినా ఫర్లేదు.

మీ సీనియర్