జర్నల్లో ‘లార్‌బోర్డ్ వైపు’ అంటే నదికి ఎడమ ఒడ్డేనా?

మీ ప్రశ్నలో రెండు ముడులున్నాయి. బొచ్చుతోళ్ల వర్తకుడి జర్నల్లో ఒక మకాం ‘నదికి ఉత్తరాన’ అని ఉంటే, మ్యాప్‌లో అక్కడ ఉన్నవి తూర్పు, పడమర ఒడ్లే. ఇంకోచోట ‘లార్‌బోర్డ్ వైపు’ అన్నారు, అది ఎడమ ఒడ్డేనా అని.

నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటాను. సరిగ్గా ఇక్కడే పొరబడి, ఒక ఆదివారమంతా దోమల మధ్య అవతలి ఒడ్డున తిరిగాను. సాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ అని వింటూ పెరిగిన బుర్ర మరి. నీళ్లు పారే వైపు తిరిగి నిలబడితే మన కుడిచేతి వైపున్నది కుడి. ఇప్పటి మ్యాపుల లెక్కా అదే. పడవలో కూర్చుని రాసేవాడికి మాత్రం పడవ ముక్కు ఎటుందన్నదే లెక్క. ముక్కు వైపు చూస్తుంటే లార్‌బోర్డ్ ఎడమ, స్టార్‌బోర్డ్ కుడి.

అమెరికా పడమటి భాగాన్ని అన్వేషిస్తూ పోయిన లూయిస్, క్లార్క్ వర్తకులు కారు, సైన్యం మనుషులు. అయినా ఈ తేడా పట్టుబడాలంటే వాళ్ల దారి చూడండి. 1805 ఏప్రిల్‌లో మిస్సోరీ నది మీద ఏటికి ఎదురు పోతున్నారు. యెల్లోస్టోన్ నది వాళ్ల లార్‌బోర్డ్ వైపు నుంచి కలిసింది. మన లెక్కలో అది మిస్సోరీకి కుడి ఒడ్డు. అదే అక్టోబరుకు కొండలు దాటి కొలంబియా నది మీద వాలుకు దిగుతున్నారు. అక్కడ డెషూట్స్ నది కలిసిందీ లార్‌బోర్డ్ వైపే, కానీ ఈసారి అది ఎడమ ఒడ్డు! తమాషా ఏమిటంటే రెండూ దక్షిణం నుంచి వచ్చి కలిసేవే, ఎందుకంటే రెండుసార్లూ వాళ్ల ప్రయాణం పడమటికి. అలాగని ‘లార్‌బోర్డ్ అంటే దక్షిణం’ అని రాసిపెట్టుకున్నారో, 1806 తిరుగు ప్రయాణంలో మునిగిపోతారు.

అందుకే నేను ముందు తేదీ చూస్తాను. మా వైపు పారే సస్కాచెవాన్ నది మీద వర్తకుల పడవలు వసంతంలో తోళ్లతో దిగువకు వెళ్లేవి, వేసవి చివర్లో సరుకుతో ఎగువకు వచ్చేవి. మే నెల పేజీలో ‘కుడిచేతి వైపు’ అంటే చాలావరకు మన కుడి ఒడ్డే. సెప్టెంబరు పేజీలో అదే మాట తిరగబడుతుంది.

ఇక ఉత్తరం, దక్షిణం సంగతి. సస్కాచెవాన్ మొత్తం మీద పడమర నుంచి తూర్పుకు పోతుంది కాబట్టి, ఒకచోట వంపు తిరిగి ఉత్తరానికి పారినా ఒడ్ల పేర్లు మారవు. 1795లో కట్టిన మొదటి ఫోర్ట్ అగస్టస్ అనే వర్తకుల కోట అలాంటిదే. నదికి ఉత్తరపు ఒడ్డున ఉందంటారు, కానీ ఆ దగ్గర్లో నది ఈశాన్యానికి తిరిగి ఉంటుంది కాబట్టి దిక్సూచి పెడితే అది దాదాపు వాయవ్యం. మా ఊళ్లో ఇప్పటికీ ‘సౌత్‌సైడ్’ అంటారు, కొన్ని వీధుల్లో నిలబడి చూస్తే నదికి అది తూర్పు. మీ మకాం కథ కూడా ఇదేనని నా అనుమానం.

మకాం చుక్క వెంటనే పెట్టకండి. అదే రోజు రాతలో ఈనాటికీ పేరు తెలిసిన ఉపనది ఏదైనా ఉందేమో వెతికి, అది ఏ వైపు కలిసిందని రాశాడో చూడండి. దాన్ని మ్యాప్‌తో సరిచూస్తే ఆ మనిషి లెక్క బయటపడుతుంది. ఉపనది దొరక్కపోతే ఆ పేజీ తేదీ, అంతకు ముందు రెండు రోజుల దిక్కులు, దూరాలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.