బీహెచ్ఈఎల్‌లో కరెంటు తయారవుతుందా? (మీ ప్రశ్నలకి జవాబులు)

ప్రశ్న: మేం లింగంపల్లిలో ఉంటాం. రోజూ బీహెచ్ఈఎల్ మీంచే పోతాం కాబట్టి మా ఏడో క్లాసు పిల్లాడు "నాన్నా, మనింటికి వచ్చే కరెంటు ఇక్కడే చేస్తారా" అనడిగాడు, ఔనని చెప్పేశా. తర్వాత డౌటొచ్చింది. కరెక్టే చెప్పానా?

జవాబు: తప్పే చెప్పారండీ, కానీ సిటీలో సగంమంది అదే అనుకుంటారు లెండి. బీహెచ్ఈఎల్ అంటే భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, ప్రభుత్వ కంపెనీ. అక్కడ తయారయ్యేది కరెంటు కాదు, కరెంటు తీసే మిషన్లు. ఆవిరికి తిరిగే టర్బైను, దాంతోపాటే తిరిగే జనరేటరు, బొగ్గుని పిండిలా కొట్టే బౌల్ మిల్లు, ఇలాంటివి. నీళ్ళని ఆవిరి చేసే బాయిలర్లు మాత్రం వీళ్ళ తిరుచ్చి ఫ్యాక్టరీలో చేస్తారు. 1947లో దేశం మొత్తం మీద కరెంటు తీసే కెపాసిటీ 1362 మెగావాట్లే, పెద్ద మిషన్ కావాలంటే ఓడలో రావాల్సిందే, అందుకే 1956లో భోపాల్‌లో బ్రిటిష్ కంపెనీ సాయంతో ఒక ఫ్యాక్టరీ మొదలుపెట్టారు, 1964లో బీహెచ్ఈఎల్ పుట్టింది, మీరు రోజూ చూసే మన రామచంద్రాపురం ఫ్యాక్టరీకి, తిరుచ్చికి చెకొస్లొవేకియా వాళ్ళు పని నేర్పితే హరిద్వార్‌కి రష్యా వాళ్ళు నేర్పారు. 1979లో మొదలైన విజయవాడ థర్మల్‌లో 210 మెగావాట్ల యూనిట్లు బీహెచ్ఈఎల్ వాళ్ళవే. ఇప్పుడు దామరచర్ల దగ్గర వీళ్ళు కట్టిన యాదాద్రి ప్లాంటు ఒక్కటే 4000 మెగావాట్లు, అంటే 1947 నాటి దేశం మొత్తానికి దాదాపు మూడింతలు. పిల్లాడికి ఈ లెక్క చెప్పండి, బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: చైనా మిషన్లు చవగ్గా, తొందరగా వస్తాయంటారు. మరి మనమే చేసుకోవడం దేనికి? ఉత్త సెంటిమెంటా?

జవాబు: సెంటిమెంట్ పక్కన పెడదాం, బొగ్గు సంగతి చూడండి. మన బొగ్గులో బూడిద చాలా చోట్ల 30, 40 శాతం ఉంటుంది. ఆ బూడిదలో ఇసకలాంటి గట్టి రేణువులుంటాయి, వేడి గాలితో కలిసి దూసుకుపోతూ బాయిలర్ ట్యూబుల్ని గరుక్కాగితంతో రుద్దినట్టు అరగదీస్తాయి. ఎక్కడో పల్చబడ్డ చోట ట్యూబు లీకైందా, యూనిట్ మొత్తం ఆపాల్సిందే, పేపర్లో "సాంకేతిక లోపంతో నిలిచిన ఉత్పత్తి" అని చిన్న వార్త వస్తుంది చూడండి, చాలాసార్లు కథ ఇదే. కాబట్టి మన బొగ్గుకి ఫర్నేస్ పెద్దదిగా కట్టాలి, లోపల గాలి వేగం తగ్గించాలి. మంచి బొగ్గు కోసం గీసిన డిజైన్ తెచ్చి సింగరేణి బొగ్గు పోస్తే కుదరదు. ఇది చైనా వాళ్ళకి రాదని కాదు, చెప్తే వాళ్ళూ కట్టిస్తారు, కానీ ముప్ఫై ఏళ్ళు నడవాల్సిన మిషన్‌కి స్పేర్లూ రిపేర్లూ తెలిసిన మనిషి పటాన్‌చెరు రోడ్డు మీద ఉంటే ఆ ధైర్యం వేరు. అలాగని మనవాళ్ళని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కొత్తగూడెం 800 మెగావాట్ల యూనిట్ 2018 డిసెంబరుకల్లా చక్కగా ఇచ్చారు, అదే మణుగూరు భద్రాద్రి ప్లాంటు 2015లో మొదలైతే 2022 దాకా లాగింది, పైగా అక్కడ పెట్టిన 270 మెగావాట్ల సబ్‌క్రిటికల్ (ఆవిరి వేడి, ఒత్తిడి తక్కువగా ఉండే) యూనిట్లు పాత టెక్నాలజీ అని విమర్శలు కూడా వచ్చాయి, నాకైతే అందులో న్యాయం ఉందనే అనిపిస్తుంది, ఎందుకంటే అదే కరెంటుకి బొగ్గు ఎక్కువ తగలెడతాయి.

ప్రశ్న: ఇన్ని వేల మెగావాట్లున్నా మా పొలం దగ్గర లో వోల్టేజే. ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలింది. ఎందుకు సార్?

జవాబు: ప్లాంటుకీ మీ బోరుకీ మధ్య చాలా దూరం ఉంది కదండీ. మీది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం, దాని మీద 5 హెచ్‌పీ మోటార్లు పాతిక పడితే అది ఓర్చుకోలేదు. అందరికీ ఆటో స్టార్టర్లు ఉంటే ఇంకా ఘోరం, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి, లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ముందు మీ లైన్‌మన్‌ని కూర్చోబెట్టి దాని మీద ఎన్ని మోటార్లున్నాయో లెక్కేయించండి, ఆటో స్టార్టర్లు తీసేయండి, ఒక్కో మోటారుకి కెపాసిటర్ (లైను మీంచి లాగే కరెంటుని తగ్గించే చిన్న పరికరం) పెట్టించుకోండి. అప్పటికీ తగ్గకపోతే అదనపు ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటాఫీసు ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) అందరూ కలిసి అర్జీ పెట్టండి.