టీవీలో గే పాత్రలు నిజంగా మారాయా?

"ఒకప్పుడు నవ్వించడానికే గే పాత్రలు పెట్టేవాళ్లు. ఇప్పుడు చాలా సిరీస్‌లలో కనిపిస్తున్నాయి. ఇది నిజమైన మార్పేనా?" అని అడిగారు. నిజమైనదే. కానీ ఎన్ని పాత్రలున్నాయో లెక్కపెడితే అది సరిగా తెలియదు. గే పాత్ర తను ప్రేమించినవాణ్ణి ముట్టుకునేటప్పుడు కెమెరా ఎటు చూస్తోందో చూడండి. గుట్టు బయటపడ్డాక అతనికి ఇంకా కథ మిగిలిందా అన్నదీ చూడండి.

ముందు అమెరికన్ టీవీ సంగతి. 1971లో 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' ఒక ఎపిసోడ్‌లో ప్రధాన పాత్ర ఆర్చీ బంకర్, సన్నగా నాజూగ్గా ఉన్న రోజర్‌ని చూసి వీడే "అలాంటివాడు" అని తేల్చేస్తాడు. తీరా గే అని తేలింది ఎవరు? ఆర్చీతో బార్‌లో చేతి కుస్తీ పట్టే స్నేహితుడు, మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు స్టీవ్. నడకని బట్టి మనిషిని నిర్ణయించే అలవాటుని ఒక్క ఎపిసోడ్‌లో పడగొట్టారు. కాకపోతే స్టీవ్ ఆ తర్వాత కథలో లేడు.

ముట్టుకోవడం దగ్గరే అసలు గొడవంతా. 1989లో 'థర్టీసమ్‌థింగ్' ఇద్దరు మగవాళ్లని ఒకే మంచం మీద చూపించింది. మాట్లాడుకోవచ్చు, ఒకరినొకరు తాకకూడదు. అంతమాత్రానికే ప్రకటనదారులు తప్పుకున్నారు. దాన్ని ప్రసారం చేసిన ఏబీసీ ఛానెల్‌కి పది లక్షల డాలర్లకు పైగా నష్టం వచ్చింది, ఆ ఎపిసోడ్‌ని మళ్లీ ప్రసారం చేయలేదు. టీవీలో నిషేధం చాలాసార్లు ఇలాగే పనిచేస్తుంది. ఎవరూ వద్దని రాసివ్వరు, ప్రకటన డబ్బు ఆగిపోతుంది. దాంతో తర్వాతి రచయిత స్క్రిప్టులోనే కత్తెర వేసుకుంటాడు. 1994లో 'మెల్‌రోజ్ ప్లేస్'లో మ్యాట్ మరో మగవాణ్ణి ముద్దు పెట్టుకోబోతుంటే కెమెరా చటుక్కున కిటికీలోంచి చూస్తున్న బిల్లీ ముఖం మీదికి పోయింది. ముద్దు మనకి కనిపించదు, దాన్ని చూసినవాడి విస్మయమే కనిపిస్తుంది. 1997లో 'ఎలెన్' షోలో కథానాయిక తాను లెస్బియన్‌నని చెప్పిన ఎపిసోడ్‌ని నాలుగు కోట్లమందికి పైగా చూశారు, అయినా మరుసటి ఏడాది షో ఆగిపోయింది. 2000లో 'డాసన్స్ క్రీక్'లో జాక్ ముద్దు మాత్రం తెర మీదికి వచ్చింది. అది ఉండకపోతే ఉద్యోగం మానేస్తానని రచయిత గ్రెగ్ బెర్లాంటీ పట్టుబట్టాడు.

మన దేశంలో 2010లో స్టార్ ప్లస్‌లో మొదలైన 'మర్యాద' సీరియల్‌లో గౌరవ్ గే, పెళ్లయినవాడు. సీరియల్‌లో అంతవరకు రావడమే పెద్ద విషయం. అయినా అతని కథ ఎక్కువగా ఇంటి పరువు చుట్టూ తిరిగిన గుట్టే. 2019లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'మేడ్ ఇన్ హెవెన్'లో కరణ్‌ని చూడండి. అతనికి అప్పులున్నాయి, వ్యాపారం ఉంది, స్కూల్లో స్నేహితుడికి చేసిన ద్రోహం ఉంది. ఇంటి ఓనరు కెమెరా పెట్టి చూసి పోలీసులకి పట్టిస్తే, అప్పట్లో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ కింద అరెస్టవుతాడు. అతను గే అన్న సంగతి తీసేసినా ఆ మనిషికి జీవితం మిగులుతుంది. అప్పట్లో ప్రకటన విరామం లేని ఆ ఓటీటీలో ఒక సీనుకి భయపడి కంపెనీ తప్పుకునే ప్రసక్తి లేకపోయింది. ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 సెప్టెంబర్ 6 సుప్రీంకోర్టు తీర్పు కూడా కలిసొచ్చింది.

తెలుగు టీవీకి రాసేవాళ్లకి నా మనవి: "తేడా" అన్న మాటని నవ్వు కోసం వాడకండి, ఆ మాట వినే పిల్లల్లో ఒకరి గురించే అది. పాత్ర ఎంట్రీలో కామెడీ సౌండ్ వేస్తే డైలాగ్ ఎంత మర్యాదగా ఉన్నా లాభం లేదు, ఆ సౌండే అసలు మాట అవుతుంది. లేడీ గెటప్పు వేరు, గే పాత్ర వేరు, రెండూ కలపకండి. డబ్బింగ్‌లో ప్రియుణ్ణి ఫ్రెండ్‌గా మార్చకండి. అలా మార్చితే తర్వాతి ఎపిసోడ్‌లో వాళ్లు ఎందుకు ఏడుస్తున్నారో చూసేవాళ్లకి అర్థం కాదు.